స్టాఫ్ రూములో ఆవిడ అన్న మాట

మా మేనకోడలు మెడిసిన్ చదివిన దేశం పేరు ఇందులో రాయను. ఊరి పేరు కూడా రాయను. ఏ యుద్ధమో, ఎవరు ఎవరి మీద చేస్తున్నదో చదివేవాళ్లు ఊహించుకుంటారు. ఊహించుకోనివ్వండి. ఒకసారి ఊరి పేరూ బడి పేరూ మనిషి పేరూ కలిపి నా చేత్తో వాట్సాప్‌లో పెట్టాను. ఇంకోసారి ఆ పని చేయను.

నేను అమెరికాలో, డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాను, ఇరవై ఏళ్లు దాటింది. కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ఉద్యోగం. కానీ ఇక్కడి తెలుగువాళ్లలో నాకు పేరొచ్చింది ఉద్యోగం వల్ల కాదు. హైదరాబాదు నుంచి ఒంటరిగా బయల్దేరే పెద్దవాళ్లకి అదే ఫ్లైట్‌లో వచ్చే ఇంకో కుటుంబాన్ని వెతికి జత చేస్తాను. దోహాలో గేటు మారితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడానికి ఒక మనిషి. ఎవరి అమ్మగారికో కళ్లజోడు పంపాలన్నా, ఎవరి నాన్నగారికో మందులు చేర్చాలన్నా ఫోను నాకే వస్తుంది. ఎవరైనా కొత్తగా కనిపిస్తే మీది ఏ ఊరని అడుగుతాను. ఊరు చెబితే అక్కడ నాకు తెలిసినవాళ్ల పేర్లు చెబుతాను. ఇంకో రెండు నిమిషాల్లో చుట్టరికం తేలుతుంది.

“రిటైరయ్యాక డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో ఓ కౌంటర్ పెట్టుకోండి. కనీసం టేబులూ కుర్చీ అన్నా ఇస్తారు,” అనేది మా ఆవిడ. నాకది పొగడ్తలాగే వినిపించేది.

మూడేళ్ల కిందట ఒక చలికాలంలో మా టీమ్‌లోకి ఒకతను వచ్చాడు. నాకన్నా పదేళ్లు చిన్న. తన దేశం పక్క దేశం మీద యుద్ధానికి దిగినప్పుడు, వద్దంటూ కొందరు ఇంజనీర్లు రాసిన బహిరంగ లేఖ మీద సంతకం పెట్టాడు. దాంతో కేసు పెట్టారు. సైన్యంలో చేరమనే కాగితం తలుపు దగ్గరికి వచ్చేలోపు ఒక్క బ్యాగుతో సరిహద్దు దాటాడు. రెండు మూడు దేశాలు తిరిగి ఇక్కడికి చేరి, వెనక్కి పంపకుండా ఆశ్రయమివ్వమని అసైలం కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. పాస్‌పోర్టు గడువు దగ్గర పడుతోంది. కాన్సులేట్‌కి వెళితే, సొంత ఊరికి వెళ్లి సైనిక కార్యాలయం నుంచి కాగితం తెచ్చుకుంటేనే కొత్తది ఇస్తామన్నారట. ఇదంతా నాకు ఒక్కరోజులో తెలిసింది కాదు. అతనికి ఇంకా డ్రైవింగ్ లైసెన్సు రాలేదు. అతని అపార్ట్‌మెంటు నా దారిలోనే. పొద్దునా సాయంత్రం నా కార్లోనే వచ్చేవాడు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రెండో రోజే అడిగాను, “మీది ఏ ఊరు?” అని.

వాళ్ల దేశంలో అందరికీ తెలిసిన పెద్ద నగరం పేరు చెప్పాడు.

“అది కాదు. అసలు ఊరు. పుట్టి పెరిగింది.”

“ఎందుకు?” అన్నాడు.

“ఊరికే.”

ఊరికే అడిగే ప్రశ్న కాదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు. వారానికోసారైనా ఏదో ఒక వంకన అక్కడికే తెచ్చేవాణ్ణి. మార్చిలో, మంచు కురిసి హైవే మీద కార్లన్నీ నిలిచిపోయిన ఒక సాయంత్రం, తనే చెప్పాడు. నది ఒడ్డున మధ్యస్తంగా ఉండే ఊరు. తల్లి పోయాక తనకన్నా పన్నెండేళ్లు పెద్దదైన అక్కే పెంచింది. వంతెన పక్కనున్న బడిలో ఆమె కెమిస్ట్రీ టీచరు. తనూ అదే బడిలో చదివాడు. అక్క క్లాసులో కూర్చుంటే తనకే ముందు చీవాట్లు పడేవట.

ఊరి పేరు వినగానే స్టీరింగ్ మీద ఒక్కటి చరిచాను. “మా అక్క కూతురు అక్కడే మెడిసిన్ చదువుతోంది! ఐదో సంవత్సరం!”

అతని ముఖంలో నవ్వు వస్తుందనుకున్నాను. రాలేదు. “ఆ అమ్మాయికి నా గురించి చెప్పకు,” అన్నాడు. “ఆ ఊళ్లో నాకెవరూ లేరు. ఎవరడిగినా అదే మాట. మా అక్క కూడా తనకి తమ్ముడు లేడనే చెబుతుంది. బడిలో అలా రాసిచ్చింది కూడా. అందుకే ఉద్యోగం ఉంచారు.”

“సరే సరే,” అన్నాను.

ఆ మాటని నేను ఎంత తేలిగ్గా తీసుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మనవాళ్లు కూడా దిష్టి తగులుతుందని కొన్ని చెప్పుకోరు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆ భయం అక్కడ కార్యాలయాలకీ ఫైళ్లకీ సంబంధించిందని నా బుర్రకి ఎక్కలేదు.

అతని అక్కని నేను ఒకే ఒక్కసారి చూశాను. ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ ఇడ్లీలు కట్టిచ్చి అతనికిచ్చి రమ్మంది. వెళ్లేసరికి వీడియో కాల్‌లో ఉన్నాడు. ఆమె ఎవరో స్నేహితురాలి ఫోను నుంచి ప్రతి ఆదివారం మాట్లాడుతుందట. తెర మీద నెరిసిన జుట్టు, బంగాళాదుంప చెక్కు తీస్తున్న చేతులు. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని ఊపింది. అతను డబ్బాలోంచి ఒక ఇడ్లీ తీసి చూపిస్తే ఏదో అంది. “సబ్బా అని అడుగుతోంది,” అన్నాడు. నేను నవ్వాను. అతను ఇడ్లీ మొత్తం నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించి చూపిస్తే ఆవిడ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. వాళ్ల మధ్య అంత దూరం ఉండటం నాకు నచ్చలేదు. నేను తీర్చగలిగిన దూరమే అనిపించింది.

ఆ ఎండాకాలం మా మేనకోడలు సెలవులకి నరసరావుపేట వచ్చింది. ఆగస్టు ఆఖర్లో తిరుగు ప్రయాణం. మా అక్క సున్నుండలు చేసి డబ్బాల్లో సర్దుతోందని అమ్మాయి ఫోన్లో చెప్పింది. నాకు వెంటనే తోచింది.

“అమ్మాయ్, ఓ డబ్బా ఎక్స్‌ట్రా పెట్టుకో. మా ఫ్రెండ్ వాళ్ల అక్కగారు మీ ఊళ్లోనే ఉన్నారు.”

“ఎక్కడ మావయ్యా?”

“ఇంటి అడ్రస్ తెలీదు. స్కూల్ పేరు పంపిస్తాను. వెళ్లి ఇచ్చి, ఆవిడతో ఒక ఫొటో దిగి పంపించు. మావాడికి సర్‌ప్రైజ్.”

“మీకు అక్కడ కూడా చుట్టాలు తయారయ్యారా!” అని నవ్వింది.

పేరు, బడి, ఊరు వాట్సాప్‌లో పంపాను. ఆవిడ నమ్మకపోతే చూపించమని అతని ఫొటో కూడా పంపాను. కంపెనీ పిక్నిక్‌లో నేనే తీసింది. వెనకాల కంపెనీ బోర్డు స్పష్టంగా కనిపిస్తుంది.

సెప్టెంబరు మొదటి వారంలో మేనకోడలు ఫోన్ చేసింది. కోపంగా ఉంది.

“మీ ఫ్రెండ్ అక్కకి చాలా పొగరు మావయ్యా. ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్‌కి వెళ్లాను. ఏడెనిమిది మంది టీచర్లున్నారు. వాళ్ల భాషలోనే నీట్‌గా చెప్పాను, అమెరికాలో మీ తమ్ముడు మా మావయ్యతో కలిసి పనిచేస్తారు, ఈ స్వీట్స్ మీకోసం అని. ఫొటో కూడా చూపించాను. నాకు తమ్ముడెవరూ లేడు, డబ్బా తీసుకుని పో అంది. అందరి ముందూ! నేనేమన్నా అడుక్కోడానికి వెళ్లానా?”

మార్చిలో కార్లో విన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా. అప్పుడర్థమైంది. అయినా మేనకోడలితో, “పోన్లే అమ్మా, ఏదో చికాకులో ఉండుంటారు. ఆ డబ్బా మీ రూమ్‌మేట్స్‌కి పెట్టెయ్,” అన్నాను.

రెండు వారాల తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఏడుస్తోంది. కాలేజీ విదేశీ విద్యార్థుల ఆఫీసుకి పిలిపించారట. కాలేజీవాళ్లు కాని ఇద్దరు మనుషులు రెండు గంటలు ప్రశ్నలు వేశారట. ఫోను తీసుకుని నా మెసేజీ, ఫొటో చూశారు. ఈ సంగతి ఎవరికైనా చెబితే వీసా రద్దవుతుందన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పింది: తన క్లాస్‌మేట్ చెల్లెలు అదే బడిలో చదువుతోంది, కెమిస్ట్రీ టీచరుని ఉద్యోగంలోంచి తీసేశారు.

గంటలో మా అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, నువ్వు చేసిన నిర్వాకానికి దాని చదువు పోయేట్టుంది. చివరి సంవత్సరం రా. జూన్ దాకా నోరు మూసుకుని ఉండు. ఆయనెవరో, నీ ఫ్రెండు, ఆయనకి చెబితే ఆయన ఇంకెవరికో చెబుతాడు, అది తిరిగి తిరిగి దాని నెత్తికే చుట్టుకుంటుంది. నా మీద ఒట్టు.”

“సరే అక్కా.”

“సరే కాదు, ఒట్టను.”

“ఒట్టు.”

ఆ తర్వాతి సోమవారం అతను కార్లో కూర్చుని చాలాసేపు సీటు బెల్టు పెట్టుకోలేదు. ఆదివారం అక్క ఫోన్ చేసిందట, స్నేహితురాలి నంబరు నుంచి కాదు. పక్కన ఎవరో మగమనిషి కూర్చున్నాడు, భుజం మాత్రమే కనిపించింది. ఆమె కాగితం చూసి చదివినట్టు మాట్లాడింది. నువ్వు ఏ కంపెనీలో పనిచేస్తున్నావో వీళ్లకి తెలుసు. కాన్సులేట్‌కి వెళ్లి, సంతకం తప్పు అని రాసిచ్చి, తిరిగి రా. రాకపోతే నేను జవాబు చెప్పాల్సి వస్తుంది.

“కంపెనీ పేరు ఆ దేశంలో ఒక్క మనిషికే తెలుసు,” అన్నాడు. “మా అక్కకి.”

నేను ఇంజను స్టార్ట్ చేశాను.

కాసేపయ్యాక అతనే అడిగాడు. “మీ మేనకోడలికి నువ్వేం చెప్పలేదు కదా?”

“లేదు,” అన్నాను.

అక్కడితో ఆగినా కొంత నయం. ఆగలేదు. అతని ముఖం చూడలేక, రోడ్డు మీద చూపు నిలిపి, “భయం ఎంతటివాళ్ల చేతనైనా ఏ పనైనా చేయిస్తుంది. మీ అక్కని తప్పుపట్టకు,” అన్నాను. పైకి ఓదార్పు. నిజానికి అతని అనుమానం మీద నేను వేసిన ముద్ర అది. ఆ సాయంత్రమే అతను ఫోను నంబరు మార్చేశాడు. ఆదివారం కాల్స్ ఆగిపోయాయి.

జూన్‌లో మేనకోడలు పరీక్షలు పాసై ఇంటికి వచ్చేసింది. ఒట్టుకి గడువు తీరింది. అప్పుడైనా చెప్పాల్సింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడు, అనుకున్నాను. ఒక నెల వాయిదా వేశాను. అది ఏడాదయింది. ఈలోపు అతనికి లైసెన్సు వచ్చింది, కారు కొనుక్కున్నాడు. అయినా శనివారాలు మా ఇంటికి వచ్చేవాడు. మా ఆవిడ చేతి పప్పుచారు గ్లాసుతో తాగేవాడు. “మీ అక్కగారు ఎలా ఉన్నారు?” అని మా ఆవిడ ఒకసారి అడిగింది, ఆవిడకీ ఏమీ తెలియదు కనుక. “నాకు అక్క లేదు,” అన్నాడు అతను, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా.

నిరుడు శీతాకాలం మొదట్లో అతని అసైలం కేసు విచారణకి తేదీ వచ్చింది. దగ్గరి స్నేహితుల నుంచి ప్రమాణపూర్వకమైన వాంగ్మూలాలు కావాలన్నాడు లాయరు. ఒక శనివారం మధ్యాహ్నం నన్ను తన అపార్ట్‌మెంటుకి పిలిచి, తన వాంగ్మూలం నా ముందు పెట్టాడు. దానికి అనుగుణంగా నన్ను రాసివ్వమన్నాడు. మూడో పేజీలో ఉంది: నేను అమెరికాలో ఎక్కడ పనిచేస్తున్నానో నా సొంత అక్క అధికారులకు తెలియజేసింది.

“ఇది తప్పు,” అన్నాను.

“లాయర్ చూశాడు. ఇంగ్లీషు సరిగ్గానే ఉందన్నాడు.”

“ఇంగ్లీషు కాదు. మీ అక్క చెప్పలేదు. నా వల్ల తెలిసింది.”

మొదలుపెట్టాక ఆపలేదు. సున్నుండల డబ్బా, బడి, ఫొటో, ఆఫీసు గదిలో ఇద్దరు మనుషులు, మా అక్క ఒట్టు, కార్లో నా ‘లేదు’. అతను అరవలేదు. పనిలో ఒక లోపాన్ని వెతికేటప్పుడు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగాడు. ఏ రోజు? గదిలో ఎంతమంది? ఫొటో ముందు చూపించిందా, పేరు ముందు చెప్పిందా? చివరికి, “మా అక్క ఏమంది?” అన్నాడు.

“నాకు తమ్ముడెవరూ లేడు, డబ్బా తీసుకుని పో, అంది.”

లేచి వెళ్లి స్టవ్ ఆపాడు. దాని మీద ఏదో ఉడుకుతోంది. వెనక్కి తిరక్కుండానే, “నువ్వు ఇంటికి వెళ్లు,” అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. మొత్తం విన్నది. “మన పిల్ల కోసం దాచారు, సరే. పిల్ల వచ్చేశాక ఎవరి కోసం దాచారు?” అంది.

ఆఫీసులో పది రోజులు అతను నా బల్ల వైపు రాలేదు. పదకొండో రోజు రెండు ముక్కల మెసేజ్ వచ్చింది: శనివారం రా. అంతా రాసివ్వాలి.

వెళ్లాను. పొద్దున తొమ్మిది. కాఫీ ఇవ్వలేదు, కుర్చీ చూపించాడు. తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు. నేను టైప్ చేస్తుంటే నా వెనక నిలబడి చదివాడు. ‘పరిస్థితుల తీవ్రత తెలియక నేను ఈ పనిచేశాను, తెలియకనే ఇన్నాళ్లూ మౌనంగా ఉన్నాను’ అని రాశాను.

తెర మీద వేలు పెట్టాడు. “మొదటి ‘తెలియక’ ఉంచు. రెండోది తీసెయ్.”

తీసేశాను.

“ఇప్పుడు ఆ వాక్యం పూర్తి చెయ్.”

‘తెలిసే మౌనంగా ఉన్నాను’ అని రాశాను. తలూపాడు.

అప్పుడు మేనకోడలితో మాట్లాడాలన్నాడు. గుంటూరులో హౌస్ సర్జన్సీ చేస్తోంది. అక్కడ సాయంత్రం, డ్యూటీ అయిపోయి ఉంటుంది. అంతకుముందే ఆ అమ్మాయికి సంగతంతా చెప్పి ఉంచాను. నా వాంగ్మూలంలో తన పేరు ఉండదనీ చెప్పాను. మా అక్క మాత్రం ఇంకా నాతో మాట్లాడటం లేదు. “ఒట్టు తప్పావు,” అని ఒక్క మాట అని ఫోను పెట్టేసింది.

స్పీకర్ ఆన్ చేశాను. “అంకుల్…” అని మొదలుపెట్టి, అంతలోనే వాళ్ల భాషలోకి మారింది మేనకోడలు. అతను ఏదో అడిగాడు. ఆమె ఒక వాక్యం చెప్పింది. అతను మళ్లీ అడిగాడు. మళ్లీ అదే వాక్యం, ఈసారి నెమ్మదిగా. అతని అక్క స్టాఫ్ రూములో అన్న మాట అన్న మాటగా చెబుతోందని నాకు అర్థమైంది. మూడోసారి కూడా చెప్పింది. తర్వాత తెలుగులో నాతో అంది:

“మావయ్యా, ఒకటి అప్పుడు మీకు చెప్పలేదు. అవమానంగా అనిపించి చెప్పలేదు. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని బయటికి తోసింది. నొప్పి పుట్టేలా పట్టుకుంది. గుమ్మం దగ్గర నా చెవిలో, నేరుగా హాస్టల్‌కి వెళ్లు, దారిలో ఎవరితోనూ మాట్లాడకు, ఆ ఫొటో తీసెయ్, అంది. నేను విసుక్కుని తియ్యలేదు. తీసేసుంటే…”

“నువ్వేం చేస్తావమ్మా. పంపింది నేను,” అన్నాను.

ఆ మాటలు అతనికి ఇంగ్లీషులో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, మేనకోడల్నే తిన్నగా అడిగాడు. ఆమె వాళ్ల భాషలో చెప్పింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకచోట అతను ఆమెని ఓదారుస్తున్నట్టు వినిపించింది. ఫోను పెట్టేశాక, తన వాంగ్మూలంలో మూడో పేజీ తెరిచి, అక్క గురించిన వాక్యం కొట్టేశాడు. దాని బదులు ఏం రాశాడో నాకు చూపించలేదు.

“మీ అక్కగారికి ఫోన్ చేశావా?” అన్నాను.

“పాత నంబరు పనిచేయడం లేదు. స్నేహితురాలి నంబరూ పనిచేయడం లేదు.”

ఆ ఊళ్లో నాకింకా ఇద్దరు తెలుగు పిల్లలు తెలుసు, మా మేనకోడలి జూనియర్లు. ఆవిడ ఎక్కడుందో కనుక్కోవడం వాళ్లకి పెద్ద పని కాదు. ఆ మాట అతనితో అన్నాను కూడా. అనకుండా ఉండలేకపోయాను.

“వద్దు,” అన్నాడు. “వాళ్లని ఎవరైనా గదిలో కూర్చోబెట్టి అడిగితే? మా అక్కని మళ్లీ అడిగితే?”

విచారణ వాయిదా పడింది, కొత్త తేదీ ఇంకా రాలేదు. అతను శనివారాలు మా ఇంటికి రావడం లేదు. ఆఫీసులో పని గురించి మాట్లాడతాడు, మర్యాదగానే. అతని అక్క ఎక్కడుందో, ఏ పని చేసుకు బతుకుతోందో, తమ్ముడు తనని అనుమానించిన సంగతి ఆవిడకి తెలుసో లేదో ఇప్పటిదాకా మా ఇద్దరికీ తెలియదు. తెలుసుకోవడానికి అతను ఎవర్నీ పంపడు. నన్ను పంపనివ్వడు.